మూడు జలపాతాల లోయ

అమెరికాలో స్థిరపడిన బిడ్డలను చూడబోయిన మన తెలుగు తల్లిదండ్రులలో నయాగరాను చూడకుండా తిరిగివచ్చేవారు అరుదు. ఆ మహాజలపాతం ముందు నిలిచి, తుంపరలలో తడిసి, ఛాయాచిత్రం తీయించుకొని వెనుకకు మరలుతారు. అక్కడికి సమీపాన ఉన్న బఫెలో నగరానికి ఆగ్నేయంగా సుమారు 60 మైళ్ళ దూరంలో, అడవి నడుమ, మరి మూడు జలపాతాలు ఉన్నవి. నయాగరాతో పోల్చితే ఇవి చిన్నవే. కాని వీటి వెనుక ఉన్న కథ చిన్నది కాదు. న్యూయార్కు రాష్ట్ర ప్రభుత్వం పోషిస్తున్న ఆ ఉద్యానవనం పేరు లెచ్‌వర్త్. పేరుకు ఉద్యానవనమే గాని, మన పట్టణాలలోని పూలతోటల వంటిది కాదు. 17 మైళ్ళ పొడవున, 14,000 ఎకరాలకు పైగా పరచుకొన్న అడవి అది.

జెనసీ నది పెన్సిల్వేనియాలో పుట్టి, ఉత్తరాభిముఖంగా సాగి, రాచెస్టరు నగరం మీదుగా అంటారియో సరస్సులో కలుస్తున్నది. హిమయుగంలో మంచు మోసుకొనివచ్చి పడవేసిన మట్టి, రాళ్ళు ఆ నది పాత లోయను పూడ్చివేసినవి. నది కొత్త దారి వెదకుకొని, పలకరాతి పొరలను కోసుకొంటూ పోయినది. ఆ కోత కొన్ని తావులలో 550 అడుగుల లోతు ఉన్నది. మూడు జలపాతాలలో నడిమిది 107 అడుగుల ఎత్తు నుండి దూకుతున్నది. దాని అందానికి ముగ్ధుడై మధ్యాహ్న సూర్యుడు ఒక్క క్షణం ఆగిపోతాడని అక్కడి ఆదిమవాసులైన సెనెకాలు భావించేవారట. ఈ లోయను ‘తూర్పు గ్రాండ్ కాన్యన్’ అని యాత్రా పుస్తకాలు పొగడుతున్నవి. ఆ పోలిక నాకంతగా రుచించదు. అది ఎండిన ఎర్రరాతి వైభవం. ఇది పచ్చని అడవిలో దాగిన అగాధం. ఇరుగుపొరుగు గొప్పవాని పేరు తగిలిస్తేగాని మన ఊరి వాడికి గౌరవం దక్కదన్నట్లున్నది ఆ బిరుదు.

సెనెకాలు ఇరోక్వాయ్ అనే ఆరు జాతుల కూటమిలో పడమటి కొసన ఉన్నవారు. ఆ కూటమికి పడమటి ద్వారపాలకులని వారికి పేరు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకొని, ఈ నదీతీరంలో ఊళ్ళు కట్టుకొని జీవించినారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వారిలో అధికభాగం ఆంగ్లేయుల పక్షం వహించినది. అందుకు ప్రతిగా 1779లో వాషింగ్టన్ ఆజ్ఞపై సల్లివన్ సేనాని ఈ ప్రాంతం మీద దండెత్తి, ఊళ్ళను తగులబెట్టి, పండిన చేలను, కాచిన తోటలను నేలమట్టం చేసినాడు. మన చరిత్ర పుస్తకాలలో వాషింగ్టన్ కథ చదువుకొన్న మనకు ఈ అధ్యాయం తరచుగా కనబడదు. యుద్ధానంతరం 1797లో బిగ్ ట్రీ వద్ద జరిగిన ఒడంబడికలో సెనెకాలు జెనసీకి పడమరనున్న తమ భూమిలో అధికభాగాన్ని లక్ష డాలర్లకు వదలుకొన్నారు.

ఆ ఒడంబడికలో తన వాటా భూమిని తాను దక్కించుకొన్న ఒక స్త్రీ ఉన్నది. ఆమె పేరు మేరీ జెమిసన్. 1743లో, ఐర్లండు నుండి అమెరికాకు వస్తున్న ఓడలో పుట్టిన తెల్లపిల్ల. 1758లో పెన్సిల్వేనియాలోని వారి ఇంటిపై ఫ్రెంచివారు, ఆదిమవాసులు కలిసి దాడి చేసి, ఆమె తల్లిదండ్రులను చంపి ఆమెను తీసుకొనిపోయినారు. యుద్ధంలో సోదరుని పోగొట్టుకొన్న ఇద్దరు సెనెకా అక్కచెల్లెళ్ళు ఆమెను ఆ సోదరుని స్థానంలో తమ కుటుంబంలో కలుపుకొన్నారు. తరువాత వెనుకకు వెళ్ళే అవకాశం వచ్చినా ఆమె వెళ్ళలేదు. సెనెకా ఇల్లాలై, తల్లియై, సల్లివన్ సేన ఊళ్ళను కాల్చినప్పుడు పిల్లలతో చలిలో నడచి, జలపాతాలకు దిగువనున్న గార్డో మైదానానికి చేరి, అక్కడ అర్ధశతాబ్దం పాటు సేద్యం చేసినది. 1797లో సుమారు 18,000 ఎకరాలు ఆమెకు ప్రత్యేకంగా దక్కినవి. ముదిమిలో తన జీవితాన్ని ఆమె చెప్పగా జేమ్స్ సీవర్ అనే ఆయన వ్రాసుకొని 1824లో ప్రకటించినాడు. క్రమంగా ఆ భూమీ చేజారినది. 1831లో బఫెలో సమీపంలోని సెనెకాల నివాసానికి తరలిపోయి, 1833లో అక్కడే కన్నుమూసినది.

అటుతరువాత లోయ పూర్తిగా కొత్తవారి పాలైనది. జలపాతాల గట్టున రంపపు మిల్లులు వెలసినవి. కొండచరియల చెట్లు కూలినవి. లోయ పక్కనే పడవల కాలువ త్రవ్వినారు. 1852లో పై జలపాతానికి ఎగువగా 234 అడుగుల ఎత్తున రైలువంతెన కట్టినారు. ఆ వంతెన కలపతో కట్టినది! 1875 మే 6న అది కాలి బూడిదైనది. మూడు నెలలు నిండకముందే, జులై 31న, దాని స్థానంలో ఇనుప వంతెన సిద్ధమైనది.

ఆ కలప వంతెన మీద నుండియే 1858లో విలియం ప్రయర్ లెచ్‌వర్త్ ఈ లోయను చూచినాడు. అతడు బఫెలోలో గుర్రపు జీనుల సామగ్రి తయారుచేసి ధనమార్జించిన వర్తకుడు, క్వేకరు కుటుంబంలో 1823లో పుట్టినవాడు, అవివాహితుడు. మరుసటి సంవత్సరమే నడిమి జలపాతం ఎదుటనున్న ఇంటిని, దాని చుట్టునున్న భూమిని కొన్నాడు. తుంపరలలో లేచే ఇంద్రధనుస్సును చూచి, గ్రీకుల ఇంద్రధనుర్దేవత పేరు పెట్టి, ఆ ఇంటిని ‘గ్లెన్ ఐరిస్’ అన్నాడు. నరికిన చోటనెల్లా చెట్లు నాటించినాడు. చుట్టుపట్ల భూములు కొంటూ వేయి ఎకరాలు కూడబెట్టినాడు. గేటు మూయక, వచ్చినవారిని వచ్చినట్లు రానిచ్చినాడు.

1873లో వ్యాపారం విరమించుకొని రాష్ట్ర ధర్మసంస్థల మండలిలో సభ్యుడైనాడు; తరువాత పదేళ్ళు దానికి అధ్యక్షుడు. ఆ రోజులలో అనాథబాలురను కూడ బిచ్చగాండ్రు, పిచ్చివారు, ముసలివారు ఉండే అన్నసత్రాలలోనే పడవేసేవారు. లెచ్‌వర్త్ ఊరూరా తిరిగి ఆ స్థితిని కన్నులారా చూచి నివేదికలు వ్రాసినాడు. పిల్లలను ఆ సత్రాల నుండి తప్పించే చట్టం 1875లో వచ్చినది. మూర్ఛరోగుల చికిత్స గురించి, పిచ్చివారి సంరక్షణ గురించి అతడు వ్రాసిన గ్రంథాలూ ఉన్నవి. నా మట్టుకు నాకు అతని జీవితంలో జలపాతం కంటె ఈ భాగమే మిన్నగా తోస్తున్నది.

కెనడియా అనే ఊళ్ళో శిథిలమవుతున్న సెనెకాల సభాగృహాన్ని అతడు కొని, దుంగలు విప్పించి, జలపాతం పైగట్టున తిరిగి నిలబెట్టించినాడు. 1872 అక్టోబరు 1న అందులో అగ్ని రగిల్చి సభ జరిపినారు. మేరీ జెమిసన్ మనుమడు వచ్చినాడు. ప్రసిద్ధ నాయకుడు రెడ్ జాకెట్ వంశీయుడు, కెనడా నుండి మోహాకు నాయకుడు జోసెఫ్ బ్రాంట్ మనుమడు వచ్చినారు. 1812 యుద్ధంలో ఎదురెదురు పక్షాల పోరాడి విడిపోయిన జాతుల వారు అక్కడ చేతులు కలిపినారు. మాజీ రాష్ట్రపతి మిలర్డ్ ఫిల్మోరు కూడ ఆ సభలో ఉన్నాడు. రెండేళ్ళకు, 1874లో, మేరీ జెమిసన్ అస్థికలను బఫెలో నుండి తెప్పించి ఆ గట్టుననే సమాధి చేయించినాడు.

సభాగృహం నిలిచినది గాని, సభాసదులకు ఆ నేల మీద హక్కు లేదు. అతిథులుగా వచ్చి అతిథులుగా వెళ్ళినారు. లెచ్‌వర్త్ భక్తితోనే ఆ పని చేసినాడనుటకు సందేహం లేదు. ఒక జాతి జ్ఞాపకాన్ని కాపాడడం, ఆ జాతికి భూమి తిరిగి ఇవ్వడం వేరు వేరు పనులు. మొదటిది అతడు చేసినాడు, రెండవది ఎవరూ చేయలేదు.

19వ శతాబ్దం కడపటి సంవత్సరాలలో కొత్త ప్రమాదం వచ్చినది. జెనసీకి అడ్డంగా జలపాతాలకు పైన ఆనకట్ట కట్టి విద్యుచ్ఛక్తి తీయాలన్న ప్రయత్నం బలపడినది. దీనిని దురాశ అని కొట్టివేయలేము. దిగువనున్న రాచెస్టరు మరలకు నీరు కావాలి; వరదల బాధ తొలగాలి. మన మాచ్‌ఖండ్ నది మీద జలాపుట్టు వద్ద నీరు నిలిపి, డుడుమా జలపాతపు పల్లాన్ని వినియోగించి, 1955లో విద్యుత్తు తీసినప్పుడు మనమూ సంతోషించినాము. ఆ దీపపు వెలుగులోనే డుడుమా ధార సన్నగిల్లినదన్న మాట కొద్దిమందికే తట్టినది. లోకంలో ప్రతి జలపాతాన్నీ చూడవచ్చిన వారిద్దరు: ఒకడు కన్నులతో కొలుస్తాడు, మరొకడు అశ్వశక్తితో కొలుస్తాడు.

తాను పోయిన మరునాడు ఏమగునో అని భయపడిన వృద్ధుడు 1906లో తన వేయి ఎకరాలను రాష్ట్రానికి దానంగా ఇవ్వజూపినాడు. ప్రజల విహారానికే ఉండాలని, తాను జీవించినంతకాలం అక్కడ నివసించే హక్కు తనకుండాలని షరతులు. విద్యుత్ కంపెనీవారి పట్టు లేకపోలేదు. ఐనా 1907 జనవరిలో గవర్నరు ఛార్లెస్ ఇవాన్స్ హ్యూస్ హయాంలో దానం స్వీకరించే చట్టం ఆమోదం పొందినది. ఆ పైన రాష్ట్రం భూములు చేర్చుకొంటూ వచ్చినది. లెచ్‌వర్త్ 1910 డిసెంబరు 1న, 87వ ఏట, తన ఇంటనే మరణించినాడు. ఆ సంవత్సరమే మేరీ జెమిసన్ సమాధిపై ఆమె కంచు విగ్రహం నిలిచినది: వీపున బిడ్డను కట్టుకొని నడచివస్తున్న యువతి.

1930ల ఆర్థికమాంద్యంలో నిరుద్యోగ యువకులను కూర్చి ప్రభుత్వం నడిపిన సేవాదళం ఇక్కడ దారులు వేసినది, రాతిగోడలు కట్టినది, చెట్లు నాటినది. ఆనకట్ట తుదకు రాకపోలేదు. జలపాతాలకు చాలా దిగువన, అడవికి ఉత్తరపు కొసన, మౌంట్ మారిస్ వద్ద 1948 నుండి 1952 వరకు దానిని కట్టినారు. అది విద్యుత్తు కోసం కాదు, వరద ఆపడం కోసం. 1972లో ఆగ్నెస్ తుపాను వచ్చినప్పుడు జలాశయం అంచుల దాక నిండినది, రాచెస్టరు బయటపడినది. లెచ్‌వర్త్ కాపాడిన చోటు గాక మరొక చోటు కోరుకొంటే రెండు పనులూ సాధ్యమేనని దీనివల్ల తేలినది.

యాత్రికుడు దక్షిణ ద్వారాన ప్రవేశిస్తే మొదట రైలువంతెన కనబడుతుంది. 1875 నాటి ఇనుప వంతెనను 2018లో విప్పివేసినారు. దాని పక్కన కట్టిన ఉక్కు కమానుపై 2017 డిసెంబరు నుండి గూడ్సు బండ్లు నడుస్తున్నవి. ఆ వంతెన కిందుగా పై జలపాతం. అక్కడి నుండి నది వెంట నడచిపోతే నడిమి జలపాతం ఎదుట గ్లెన్ ఐరిస్ గృహం. ఇప్పుడది అతిథిగృహం, భోజనశాల. దాని వెనుక కొండ ఎక్కితే సభాగృహం, విగ్రహం. చాలామంది జలపాతం చూచి అక్కడినుండే వెనుదిరుగుతారు. ఆ మెట్లు కొన్ని ఎక్కగలిగినవారు ఎక్కాలి. దుంగల గోడల లోపల కాసేపు నిలిస్తే, చెట్ల నడుమ నుండి నీటి మ్రోత అక్కడిదాకా వినబడుతూనే ఉంటుంది.