గోడకు డబ్బు కట్టిందెవరు?

ముప్పయ్యేళ్ళు ఖజానా లెక్కలు చూసినవాణ్ణి. కోటగోడ కనబడితే దాని ఎత్తు కన్నా, ‘డబ్బెక్కడిది?’ అన్న ప్రశ్నే నాకు ముందు తోస్తుంది. ఇంగ్లండు పట్టణాల గోడల గురించి చదివినప్పుడూ అంతే.

13వ శతాబ్దంలో అక్కడ ఒక పట్టణం గోడ కట్టుకోదలిస్తే రాజుకు అర్జీ పెట్టుకునేది. ఆయన సాధారణంగా బొక్కసం తెరిచేవాడు కాదు. కొన్నేళ్ళ గడువుతో ‘మ్యూరేజ్’ అనే సుంకం వసూలుకు అనుమతిపత్రం ఇచ్చేవాడు. ఊళ్ళోకి అమ్మకానికొచ్చే ధాన్యం బండికింత, పశువుకింత, తోలుకింత అని అందులోనే రేట్లుండేవి. గడువు తీరేది, గోడ పూర్తయ్యేది కాదు. మళ్ళీ అర్జీ, మళ్ళీ పొడిగింపు. మన ఆఫీసు ఫైళ్ళు గుర్తుకు రావడంలేదూ!

వసూలున్నచోట అక్రమమూ ఉంటుంది. అందుకే మొదటి ఎడ్వర్డు కాలంలో, 1275లో వచ్చిన వెస్ట్‌మినిస్టర్ శాసనం, అనుమతిని మించి గుంజిన పట్టణానికి ఆ హక్కు రద్దనీ, పైగా జరిమానా అనీ హెచ్చరించింది. చెస్టర్‌లోనైతే గోడల సొమ్ము చూడటానికి ‘మ్యూరెంజర్లు’ అనే ప్రత్యేకాధికారులే ఉండేవారు.

కోవెంట్రీ పట్టణానికి 1329లో అనుమతి వచ్చింది. పని మొదలైంది 1350లలో; ముగిసింది 1530లలో. అంతర్యుద్ధంలో ఆ ఊరు పార్లమెంటు పక్షం వహించింది. ఆ కోపంతో రెండవ ఛార్లెస్ 1662లో గోడను కూలగొట్టించాడు.

తరతరాలుగా ఎందరో పల్లెటూరి బండివాళ్ళు ద్వారం దగ్గర సుంకం కట్టి, సాయంత్రానికి గోడ బయట ఉన్న తమ ఇళ్ళకే తిరిగి వెళ్ళారు. చరిత్రలో రాజుల పేర్లు మిగిలాయి, వాళ్ళవి మిగల్లేదు. కట్టించిందెవరో శిలాఫలకం చెబుతుంది. సొమ్ము ఎవరిదో లెక్కల పుస్తకం చెబుతుంది. మన మనవలను ఆ రెండోదీ చదవమందాం.