తాళవృక్షాల పెంపకం, సేకరణ: చరిత్ర

తాళవృక్షాల సేకరణ: తాటి, ఈత, కొబ్బరి, పోక, జీలుగు చేరిన అరికేసి కుటుంబపు చెట్లను పంట కోసం కాక, చెట్టు మీది మక్కువతోనే వెతికి తెచ్చి పెంచే అభిరుచి. ఈ కుటుంబంలో సుమారు 2,600 జాతులున్నాయి. గులాబీని ఇష్టపడేవారు కొమ్మ తుంచి నాటుకోవచ్చు, మామిడిని ఇష్టపడేవారు అంటు కట్టుకోవచ్చు. తాళవృక్షంతో ఆ వీలు లేదు. చాలా జాతులలో మానుకు నడినెత్తిన ఒకే మొవ్వు ఉంటుంది, అది పోతే చెట్టు పోయినట్టే. ఖర్జూరం వంటి పిలకలు వేసే కొన్నింటిని మినహాయిస్తే, కొత్త మొక్కకు విత్తనం ఒక్కటే దారి. ఆ విత్తనం చాలా జాతులలో ఎండితే చచ్చిపోతుంది. బతికినా మొలకకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. పైగా తాటి, ఖర్జూరాలలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. ఈ అభిరుచి చరిత్ర పొడవునా కనిపించేది ఈ ఇబ్బందుల ప్రభావమే. ఒంటరిగా దాచుకుంటే నిలవని సంపదను ప్రేమించినవారు ఇచ్చిపుచ్చుకోవడం నేర్చుకోక తప్పలేదు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే ఒక తోటపని సరదా క్రమంగా శాస్త్రంగా, సంరక్షణగా ఎదిగింది.

ప్రాచీన, మధ్యయుగాలు

మెసొపొటేమియా ప్రజలు ఖర్జూరపు మగపూతను చేతితో ఆడగెలలకు అద్దే పద్ధతి ఎరుగుదురు. క్రీస్తుపూర్వం 18వ శతాబ్దపు హమ్మురాబి శాసనంలో ఖర్జూర తోటల కౌలు గురించీ, పరాయి తోటలో చెట్టు నరికితే కట్టవలసిన జరిమానా గురించీ నిబంధనలున్నాయి. ఇదంతా పంటకు సంబంధించిన శ్రద్ధ. చెట్టును చెట్టుగా ప్రేమించిన తొలి ఆనవాళ్లలో ఒకటి 8వ శతాబ్దంలో కనిపిస్తుంది. సిరియా నుంచి తరిమివేయబడి స్పెయిన్‌లో రాజ్యం స్థాపించుకున్న మొదటి అబ్దుర్ రహమాన్, కొర్డోబా దగ్గరి తన తోటలోని ఖర్జూర చెట్టును తనలాగే దేశం విడిచిన తోడుగా భావించి కవిత చెప్పాడని అరబ్బు చరిత్రకారులు నమోదు చేశారు. ఆ తరువాతి శతాబ్దాలలో స్పెయిన్‌లోని ఎల్చే వనం వంటివి జీవనోపాధిగా కొనసాగాయి.

మలబారు నుంచి మ్యూనిక్ దాకా

ఐరోపా వృక్షశాస్త్రజ్ఞులకు తాళవృక్షాలను వివరంగా చూపిన తొలి గ్రంథాలలో ఒకటి భారతదేశంలోనే తయారైంది. కొచ్చిన్‌లో డచ్చి గవర్నరుగా ఉన్న హెన్రిక్ వాన్ రీడ్ సంకలనం చేయించిన 'హోర్టస్ మలబారికస్' 1678 నుంచి 1693 వరకు 12 సంపుటాలుగా వెలువడింది. మొదటి సంపుటి కొబ్బరితోనే మొదలవుతుంది. అందులోని పరిజ్ఞానంలో ముఖ్యభాగం అందించినవాడు ఇట్టి అచ్యుతన్. ఆయన కల్లుగీతతో తరతరాల అనుబంధమున్న ఈళవ కులానికి చెందిన వైద్యుడు. లినేయస్ 1753లో తాటి, కొబ్బరి, పోక, జీలుగు, శ్రీతాళాలకు శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు రీడ్ బొమ్మలు, వర్ణనలు ఆయనకు ప్రధాన ఆధారాలయ్యాయి. ఈ కుటుంబాన్ని ఆయన వృక్షలోకపు రాజకుమారులు అన్న అర్థంలో 'ప్రిన్సిపెస్' అన్నాడు. రెండు శతాబ్దాల తరువాత ఆ మాటే సేకర్తల పత్రికకు పేరయింది.

ఒక్క చెట్టును పదేపదే చూడడం వల్ల ఆలోచన ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి పాడువా ఉద్యానంలోని ఉదాహరణ చాలు. అక్కడ 1585లో నాటిన కురచ తాళవృక్షాన్ని జర్మన్ కవి గ్యోథే 1786లో చూశాడు. మొదలు దగ్గర చీలిక లేని ఆకు, పైకి పోయేకొద్దీ విసనకర్రలా విచ్చుకున్న ఆకు ఒకే చెట్టులో ఉండడం ఆయనను ఆలోచింపజేసింది. మొక్క అవయవాలన్నీ ఆకు రూపాంతరాలేనన్న ఆయన సిద్ధాంతం 1790లో పుస్తకంగా వచ్చింది. 'గ్యోథే తాళం' అనే పేరుతో ఆ చెట్టు నేటికీ బతికే ఉంది.

గ్యోథేకు మిత్రుడైన బవేరియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫ్రీడ్రిక్ ఫిలిప్ ఫాన్ మార్టియస్ ఈ చరిత్రలో మహోన్నతుడు. యోహాన్ బాప్టిస్ట్ ఫాన్ స్పిక్స్‌తో కలిసి ఆయన 1817 నుంచి 1820 వరకు బ్రెజిల్‌లో పర్యటించాడు. 1823లో మొదలుపెట్టి మూడు దశాబ్దాలలో మూడు భారీ సంపుటాలుగా తెచ్చిన 'హిస్టోరియా నాచురాలిస్ పామారుమ్' అప్పటికి తెలిసిన తాళవృక్షాలన్నిటినీ ఒకచోట చేర్చింది. రంగుల చిత్రాలలో చెట్టును ఒంటరిగా గీయించకుండా, అది పెరిగే ఏటి ఒడ్డుతో, కొండతో, ఆకాశంతో కలిపి చూపించాడు. ఆ బొమ్మలు చూసినవారికి చెట్టును ప్రత్యక్షంగా చూడాలన్న ఆశ కలగడం సహజం. శాస్త్రానికి అంతకన్నా పెద్ద అవసరం కూడా ఉంది. మామూలు మొక్క కొమ్మను కాగితానికి అంటించి భద్రపరచవచ్చు. బారల కొద్దీ పొడవుండే మట్టను, మోయలేనంత గెలను, ఒళ్లంతా ముళ్లున్న మానును అలా భద్రపరచడం కష్టం. అందుకే తాళవృక్షాల అధ్యయనం మొదటినుంచీ ఎండిన నమూనాలతో పాటు తోటలో పెరిగే చెట్ల మీద, అంటే పెంచేవారి మీద ఆధారపడింది.

అదే శతాబ్దిలో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అమెజాన్ నుంచి తిరిగి వస్తుండగా 1852 ఆగస్టులో ఆయన ఎక్కిన ఓడ నడిసముద్రంలో తగలబడింది. సేకరించినదంతా దాదాపుగా పోగా, చేతికందిన కొద్ది వస్తువులలో తాళవృక్షాల చిత్రాలు మిగిలాయి. వాటి ఆధారంగా 1853లో అమెజాన్ తాళవృక్షాల మీద, అక్కడివారు వాటిని వాడుకునే తీరు మీద ఆయన ఒక చిన్న పుస్తకం అచ్చువేయించాడు.

గాజుగృహాల కాలం

చలిదేశంలో ఉష్ణమండలపు చెట్టును పెంచాలంటే మూడు అవసరాలు తీరాలి: ఓడలో మొక్క బతకాలి, గాజు చవక కావాలి, కప్పు ఎత్తు పెరగాలి. లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ కనిపెట్టిన మూతగాజు పెట్టెలను 1833లో ఆస్ట్రేలియా ప్రయాణంలో పరీక్షించారు. బ్రిటన్‌లో గాజు మీది పన్ను 1845లో రద్దయింది. డెసిమస్ బర్టన్, రిచర్డ్ టర్నర్ కలిసి 1844-48 మధ్య క్యూ ఉద్యానంలో కట్టిన ఇనుము, గాజుల తాళగృహం ఈ కాలపు అత్యంత సుందర నిర్మాణం. దానికి ముందే లండన్ శివారు హాక్నీలో లోడిజెస్ నర్సరీ గొప్ప తాళసంపద కూడబెట్టింది. 1850లలో ఆ నర్సరీ మూతపడుతున్నప్పుడు జోసెఫ్ పాక్స్‌టన్ ఆ చెట్లను కొని, సిడెన్‌హామ్‌లో తిరిగి నిలబెట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌కు తరలించాడు.

ఇది ధనికుల ఆడంబరమే కదా అనే ఆక్షేపణ ఉంది. వలసల నుంచి తెచ్చిన చెట్టును గాజుకప్పు కింద నిలబెట్టడంలో సామ్రాజ్య ప్రదర్శన ఉన్న మాట నిజం. కానీ ఆడంబరం ఒక్కటే కారణమైతే ఆ అభిరుచి గాజుగృహాలతోనే అంతరించాలి. పాక్స్‌టనే చాట్స్‌వర్త్‌లో కట్టిన మహా గాజుగృహాన్ని 1920లో కూల్చేశారు, క్రిస్టల్ ప్యాలెస్ 1936లో తగలబడింది. అభిరుచి మాత్రం ఆగలేదు. గాజుగృహం తనకు తెలియకుండానే ఒక పాఠం నేర్పింది. కప్పును తాకిన తాళవృక్షాన్ని కత్తిరించి కురచ చేయలేరు. మొవ్వు కోస్తే చెట్టు చస్తుంది కాబట్టి మొత్తంగా నరకాల్సిందే. ఆ చోటు నింపడానికి మళ్లీ విత్తనం కావాలి. కాబట్టి గాజుగృహం ఎంత గొప్పదైనా బయటి తోటలతో సంబంధం తెంచుకోలేదు. జావాలోని బోగోర్ ఉద్యానం, కలకత్తా ఉద్యానం ఆ బంధంలో కీలక స్థానాలు. 1848లో బోగోర్‌లో వింత మొక్కలుగా నాటిన నాలుగు ఆయిల్ పామ్ మొక్కల సంతతే తరువాత ఆగ్నేయాసియా తోటలకు మూలమైంది.

ఈ దశలోనే చలికి తట్టుకునే చైనా తాళవృక్షం ఒకటి సామాన్యుల పెరటికి దారి చూపింది. రాబర్ట్ ఫార్చ్యూన్ 1849లో పంపిన ఆ జాతి మొక్కలు ఇంగ్లండులో ఆరుబయటే బతికాయి. గాజుగృహం కట్టుకోలేనివారికీ ఈ సరదా అందుబాటులోకి వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం: సంఘం పుట్టుక

అమెరికా ఉద్యానశాస్త్రజ్ఞుడు లిబర్టీ హైడ్ బెయిలీ (1858-1954) నడివయసు దాటాక తాళవృక్షాల వైపు తిరిగాడు. 1948లో ఆయన తొంభయ్యో పుట్టినరోజుకు సన్మానం తలపెడితే, ఆయన వెస్టిండీస్‌లో తాళవృక్షాల నమూనాలు ఏరుతూ ఉండడంతో దాన్ని వాయిదా వేయవలసి వచ్చింది. ఫ్లోరిడాలో అకౌంటెంట్ రాబర్ట్ మాంట్‌గోమరీ 1932లో సొంత తాళవనం మొదలుపెట్టాడు. మిత్రుడు డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ పేరుతో ఆయన స్థాపించిన ప్రజా ఉద్యానం 1938లో తెరుచుకుంది. సొంత వనంతో తృప్తిపడకుండా అందరికోసం మరొకటి నిలబెట్టడం మెచ్చదగిన పని.

1956లో డెంట్ స్మిత్ ఫ్లోరిడాలో పామ్ సొసైటీని స్థాపించాడు. అదే 1984లో ఇంటర్నేషనల్ పామ్ సొసైటీ అయింది. దాని పత్రిక 'ప్రిన్సిపెస్'లో శాస్త్రజ్ఞులు, పెరటి పెంపకందార్లు పక్కపక్కన రాశారు. సభ్యుల మధ్య విత్తనాల పంపిణీ సంఘానికి ప్రాణమైంది. విత్తనం త్వరగా చచ్చిపోతుంది కనుక గెల పండిన మనిషి వెంటనే పంచాలి, అందుకున్న మనిషి వెంటనే నాటాలి. కార్నెల్ విశ్వవిద్యాలయపు హరాల్డ్ మూర్ ఈ బంధానికి శాస్త్రీయ ఫలితం చూపించాడు. 1980లో ఆయన మరణించాక నటాలీ ఉల్, జాన్ డ్రాన్స్‌ఫీల్డ్ ఆయన కృషిని కొనసాగించి 1987లో 'జెనెరా పామారుమ్' వెలువరించారు. 2008లో వచ్చిన రెండవ కూర్పు 183 ప్రజాతులను గుర్తించింది. థాయిలాండ్‌లోని నాంగ్ నూచ్ ఉద్యానం ప్రపంచంలోని పెద్ద తాళసేకరణలలో ఒకటిగా ఎదిగింది.

హానీ, మేలూ

సేకర్తల ఆశ అడవిని దోచిందన్నది బలమైన ఆక్షేపణ. ఆస్ట్రేలియాలోని కేప్ మెల్విల్ కొండల్లో మాత్రమే పెరిగే ఫాక్స్‌టెయిల్ పామ్‌కు 1983లో శాస్త్రీయ నామం పెట్టగానే విత్తనాల దొంగతనం పెరిగింది. మొక్కల రవాణాతో పురుగులూ ప్రయాణించాయి. మన కొబ్బరి రైతులకు తెలిసిన ఎర్రముక్కు పురుగు, అలంకరణ చెట్ల వ్యాపారం వెంట 1990లలో స్పెయిన్ చేరి మధ్యధరా తీరపు చెట్లను గుల్ల చేసింది. అమెరికా ఖండం నుంచి వచ్చిన సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులో బయటపడి గోదావరి జిల్లాల కొబ్బరినీ పట్టుకుంది. ఈ నష్టాన్ని ఏ మక్కువా కప్పిపుచ్చలేదు. మొక్క దాటే ప్రతి చోటా తనిఖీ ఉండాలన్నది సేకర్తలే ముందు అడగవలసిన నియమం.

అయితే అదే ఫాక్స్‌టెయిల్ నర్సరీలలో కాయడం మొదలయ్యాక, అడవి విత్తనాన్ని దొంగిలించవలసిన అవసరమే తగ్గిపోయింది. మారిషస్ దగ్గరి రౌండ్ ద్వీపంలో మేకలు, కుందేళ్ల వల్ల బాటిల్ పామ్ ఒక దశలో పది చెట్ల లోపుకు పడిపోయింది. ప్రపంచమంతటా పెరళ్లలో, కుండీలలో మాత్రం అది నిండుగా ఉంది. కొద్ది తల్లిచెట్ల సంతతి అడవికి సమానం కాదన్న వాదం సబబే. అందుకే ఫ్లోరిడాలోని మాంట్‌గోమరీ కేంద్రం వంటి సంస్థలు ప్రతి విత్తనానికీ అది దొరికిన చోటును నమోదు చేస్తాయి. మడగాస్కర్‌లో జీడితోట నిర్వాహకుడు గ్జేవియర్ మెట్స్ కంటబడిన మహావృక్షానికి 2008లో 'తహినా' అని పేరు పెట్టారు. అది ఒక్కసారి పూసి చనిపోయే చెట్టు, అప్పటికి తెలిసినవి వందకు లోపే. దాని విత్తనాలను ప్రపంచపు తోటలకు పంచి, అమ్మగా వచ్చిన సొమ్మును అక్కడి గ్రామానికి అందేలా చేశారు. సేకరణ న్యాయంగా సాగితే ఎలా ఉంటుందో ఇది చూపింది.

తెలుగు నేల

తాటి, ఈత గీతతో బతికే నేలకు సేకరణ పరాయి సరదా అనిపించవచ్చు. కానీ ఏ చెట్టు ఆడదో, ఏది మగదో, గీతకు ఏది ఎప్పుడు వస్తుందో చూసి చెప్పగల గీత కార్మికుల చూపు లేకుండా తాళశాస్త్రం మొదలయ్యేదే కాదని మలబారు అనుభవం చెబుతోంది. సామర్లకోటలో 1781 నుంచి 1793 వరకు పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మన ఇసుక నేలల చిట్టీతను బొమ్మతో సహా వర్ణించి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి, తెలుగు పేర్లనూ నమోదు చేశాడు. తాటి టెంకను పాతి తేగ తీసే మన ఇళ్లవారికి, సీషెల్స్ ద్వీపాల జంటకొబ్బరి ఎలా మొలుస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. అదీ పేరుకే కొబ్బరి, వరుసకు తాటి చుట్టం, మొలకను అలాగే దూరంగా భూమిలోకి దించుతుంది. ఇవాళ కడియం నర్సరీలలో రాయల్, బాటిల్, ఫాక్స్‌టెయిల్ పామ్‌లు వరుసలు తీరి ఉంటాయి. చిట్టీత, శ్రీతాళం అక్కడ అంతే గౌరవంతో నిలబడడం ఈ ప్రాంతపు పెంపకందార్లు చేయదగిన మంచి పని.

ఇచ్చిపుచ్చుకోవడం జరగకపోతే ఏమవుతుందో చూపే చెట్టు ఒకటి మారిషస్‌లోని క్యూర్‌పీప్ ఉద్యానంలో ఉంది, దాని పేరు హయోఫోర్బ్ అమారికాలిస్. ఆ జాతిలో ప్రపంచం మొత్తానికి మిగిలింది అదొక్కటే. దాని మగపూలు, ఆడపూలు వేర్వేరు సమయాల్లో విచ్చుకుంటాయి. పుప్పొడి ఇచ్చే తోడు మరెక్కడా లేదు. ప్రయోగశాలలో మొలిపించిన మొక్కలు మట్టిలోకి మార్చాక నిలదొక్కుకోలేదు. చుట్టూ రక్షణ ఉంది, సంతతి లేదు. పూర్వం ఎవరైనా దాని విత్తనాలను నాలుగు తోటలకు పంచి ఉంటే ఆ చెట్టు ఈనాడు ఒంటరిగా ఉండేది కాదు.