లయ తప్పిన యంత్రము

నౌపడనుండి పర్లాకిమిడికి 1900లో వేసిన సన్నపట్టాల రైలు పాతపట్నం మీదుగా పోయెడిది. పట్టాల నడిమి వెడల్పు రెండున్నర అడుగులే. 1992 వరకు దానిని ఆవిరియంత్రములు లాగినవి. రెండు సిలిండర్ల యంత్రములో ఆవిరి ముషలకమునకు ఇరువైపుల పనిచేయును గనుక, చక్రమొకసారి తిరిగినచో పొగగొట్టమున నాలుగు ‘ఛుక్కు’లు వినవలెను. వాటి నడుమ ఎడము సమముగా లేనిచో కవాటములను పరీక్షింపవలసినదే.

మోటారుకారుదియు ఇదే భాష. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో ఇరుసు రెండుసార్లు తిరుగులోపల నాలుగు పేలుళ్లు. ఒకటి లోపించినచో బండి కుంటును. ఏ సిలిండరు? 1908లో వెలువడిన ఫోర్డు ‘టి’ కారులో సిలిండరుకొక తీగచుట్ట, దానిపై కంపించు రేకు ఉండెడివి. ఇంజను తిరుగుచుండగా ఒక్కొక్క రేకును నొక్కి ఆపెడివారు. ఇంజను మరింత నీరసించినచో ఆ సిలిండరు మంచిదే! మార్పేమియు లేనిచో దొంగ అదియే. ఇక దాని ప్లగ్గును పక్కదానితో మార్చి చూడవలెను. దోషము ప్లగ్గువెంట పోయినచో క్రొత్త ప్లగ్గు చాలును. పోనిచో తీగచుట్టనో, కవాటమునో అనుమానింపవలెను.

1996 నుండి అమెరికాలో అమ్మిన కార్లలో ఈ వెదకులాట కంప్యూటరుకు అప్పగించిరి. పేలుడు తప్పినప్పుడు ఇరుసు క్షణకాలము మందగించును. దానిని కొలిచి అది సిలిండరు అంకె చెప్పును. ప్లగ్గా, తీగచుట్టా అన్నది మాత్రము నేటికిని మెకానిక్కే తేల్చవలెను.