ధర్మవరం పట్టు – తెర మీది రంగు: ప్రమాణాల చరిత్రపై ఒక పరిశీలన

కీలకపదాలు: ధర్మవరం పట్టు, పడుగు, పేక, ఎస్‌ఆర్‌జీబీ, అడోబ్ ఆర్‌జీబీ, మానిటర్, క్యాలిబ్రేషన్.

ప్రవేశిక

అనంతపురం పీఠభూమిలో వానను నమ్ముకొన్న వేరుశనగ చేతికి రాని ఏళ్లు తక్కువ కాదు. బత్తలపల్లెకు సమీపాన ఉన్న ధర్మవరంలో జీవనాధారం మగ్గం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడు ఈ రెండూ ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు పొందిన ధర్మవరం పట్టుచీర నేడు కొనేవారి చేతికి చేరకముందే ఛాయాచిత్రంగా వారి కంటికి చేరుతున్నది. తెరపై చూసిన రంగు, పెట్టె విప్పగానే కనిపించిన రంగు వేరైతే చీర తిరిగి వస్తుంది. మడత నలిగిన ఆ చీర భారం చివరకు అమ్మినవారిపైనో, నేసినవారిపైనో పడుతుంది. అందువల్ల ఛాయాచిత్రాలను సరిదిద్దే మానిటర్ ఎంపికను సాంకేతిక విషయంగా మాత్రమే చూడటం చాలదు. ఆ తెర ఏ ప్రమాణాన్ని అనుసరిస్తున్నది, ఆ ప్రమాణం ఏ పరిస్థితులలో పుట్టింది అనేవి చరిత్రకు సంబంధించిన ప్రశ్నలు.

పడుగు, పేకల రంగు

ధర్మవరం నేతలో వెడల్పైన అంచు, జరీ పనితో నిండిన కొంగు ఎంత ప్రసిద్ధమో జంటరంగు కూడా అంతే ప్రసిద్ధం. పడుగుకు ఒక రంగు దారం, పేకకు మరొక రంగు దారం వాడినప్పుడు చూసే కోణాన్ని బట్టి ఒకసారి పడుగు, ఒకసారి పేక పైకి తేలుతుంది. పచ్చకూ నీలానికీ నడుమ కదలాడే రంగును తెలుగువారు ‘నెమలికంఠం’ అన్నారు. అది స్థిరమైన రంగుకు పెట్టిన పేరు కాదు, కదలికకు పెట్టిన పేరు. వాకిట్లో వెలుగుకు చీరను పట్టి, మడత కదిపి చూసే అలవాటు వెనుక ఈ గ్రహింపు ఉన్నది. ఛాయాచిత్రం ఆ కదలికలో ఒక్క కోణాన్నే నిలుపుతుంది. చీరను వేరువేరు కోణాల నుంచి కనీసం రెండు చిత్రాలుగా తీయకపోతే ఎంత ఖరీదైన మానిటర్ కూడా ఆ లోటును తీర్చలేదు.

తెర ప్రమాణాల పుట్టుక

రంగును అంకెలలో చెప్పే నేటి పద్ధతికి మూలం 1931లో అంతర్జాతీయ ప్రకాశ సంఘం ఆమోదించిన వ్యవస్థ. బ్రిటన్‌లో డబ్ల్యూ.డి. రైట్ పదిమందితోనూ, జాన్ గిల్డ్ ఏడుగురితోనూ జరిపిన ప్రయోగాలు దానికి ఆధారం. పదిహేడు మంది చూపు లోకమంతటికీ ‘ప్రామాణిక పరిశీలకుడు’ అయింది. ఆ పునాది ఆశ్చర్యకరంగా నిలిచింది కూడా.

1993లో ఎనిమిది సంస్థలు కలిసి అంతర్జాతీయ వర్ణ సమాఖ్యను స్థాపించాయి. కెమెరా, తెర, ముద్రణ యంత్రం ఒకదాని రంగును మరొకటి అర్థం చేసుకొనేందుకు ‘ప్రొఫైల్’ అనే పరిచయపత్రం ఆ ప్రయత్నం నుంచి రూపొందింది. 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ ఎస్‌ఆర్‌జీబీని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. అది ఊహించుకొన్న తెర ఆనాటి పిక్చర్ ట్యూబు. దాని వెలుగు చదరపు మీటరుకు 80 క్యాండెలాలు. చుట్టూ ఉన్న గది వెలుగు 64 లక్స్ మాత్రమే. అనంతపురం మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్‌కు చేరువగా ఉంటుంది. మసక గదికి కట్టిన ప్రమాణాన్ని కిటికీ పక్కన కూర్చొని వాడితే సరైన అంకెలు కూడా తప్పు తీర్పునిస్తాయి.

1998 నాటి అడోబ్ ఆర్‌జీబీ పుట్టుక విచిత్రమైనది. ఒక టెలివిజన్ ప్రమాణపత్రంలోని విలువలను పొరపాటుగా తీసుకోవడం దాని మొదలు. ఆ విస్తృతి వాడుకరులకు నచ్చడంతో అది వేరే పేరుతో స్థిరపడింది. ఈ రెండింటిలో ఎరుపు, నీలం మూలబిందువులు ఒక్కటే. ఆకుపచ్చ బిందువు మాత్రమే వేరు. రాణీ రంగు ఎరుపు, నీలాల మధ్యది కనుక అడోబ్ ఆర్‌జీబీ తెర కొనడం వల్ల దానికి కలిగే లాభం స్వల్పం. నెమలికంఠం, చిలకపచ్చ వంటి నిండు రంగులకు మాత్రం ఆ తేడా నిజంగా ఉపకరిస్తుంది. ఏ తెర అనే ప్రశ్న ఆ దుకాణంలో ఏ చీరలు ఎక్కువ అనే ప్రశ్నతో ముడిపడి ఉన్నది.

ఎంపిక, క్యాలిబ్రేషన్

1996లో హిటాచీ వెలువరించిన ఐపీఎస్ పలక పక్క నుంచి చూసినా రంగును పెద్దగా మార్చదు. చవకైన టీఎన్ పలకలో తల కదిపితే రంగు మారుతుంది. జంటరంగు చీర విషయంలో ఇది రెట్టింపు చిక్కు: మారినది పట్టు రంగా, తెర రంగా అని తేల్చలేము. కాబట్టి రంగుల పరిధి కొంత తగ్గినా ఐపీఎస్ తెరనే ఎంచుకోవడం సబబు.

క్యాలిబ్రేషన్ అంటే తెలుపు, వెలుగు, గామాలను నిర్ణీత స్థితికి తేవడం. ప్రొఫైలింగ్ అంటే ఆ స్థితిలో తెర ఎలా ప్రవర్తిస్తున్నదో నమోదు చేయడం. వాడుకలో రెండూ ఒకే మాటలో కలిసిపోయాయి. తెరకు ఆనించే కలరీమీటర్ రెంటికీ కావాలి. కన్ను చాలదు, ఎందుకంటే కన్ను కాసేపటికి ఏ తెలుపుకైనా అలవాటు పడుతుంది. డీ65 తెలుపు, 2.2 గామా, 80 నుంచి 120 క్యాండెలాల వెలుగు సాధారణ లక్ష్యాలు. వెనుక దీపం కాలంతో మారుతుంది గనుక కొలత కూడా తిరిగి తిరిగి చేయవలసినదే.

అయితే క్యాలిబ్రేషన్ సాధించేది తెరకూ ప్రమాణానికీ మధ్య ఒప్పందం మాత్రమే. తెరకూ చీరకూ మధ్య ఒప్పందానికి ఛాయాచిత్రం తీసే క్షణంలోనే సాక్ష్యం కావాలి. 1976లో మెక్‌బెత్ సంస్థ రూపొందించిన 24 గళ్ల రంగుల పట్టిక ఆ పని చేస్తుంది. చీర పక్కన, అదే వెలుగులో ఆ పట్టికను ఉంచి మొదటి చిత్రం తీస్తే ట్యూబులైటు తెచ్చిన పచ్చదనం ఎంతో కొలవవచ్చు. కొనేవారి ఫోను ఎలా చూపుతుందో అమ్మేవారి చేతిలో లేదు. ఆ పట్టిక, కొలిచిన తెర, రెండు కోణాల చిత్రాలు ఉన్నప్పుడు తిరిగి వచ్చిన చీర విషయంలో తేడా ఎక్కడ పుట్టిందో చూపగల ఆధారమైనా నేతగాడి వైపు ఉంటుంది.