గడ్డకు కొలత దొరికిన కథ

మిర్యాలగూడ మిల్లు వాకిట ధాన్యపు బండి నిలిచినపుడు కంటి అంచనాతో లెక్క తేలదు, కాంటా వేయవలసినదే. సూర్యాపేట మార్కెట్టులోను, కోదాడలోను ఇదే మర్యాద. కాని అక్కడి స్త్రీలే తమ రొమ్ములో గడ్డ తగిలినపుడు కందిగింజంత యనియో, రేగుపండంత యనియో సరిపెట్టుకొనుట కలదు. వైద్యులును చిరకాలము వ్రేలితో తడిమియే పరిమాణమును ఊహించిరి. ఆ ఊహ కొలతగా మారిన వృత్తాంతమును మనవి చేయుదుము.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొనెను. 1913లో బెర్లిను శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ సాలమన్, శస్త్రచికిత్సలో తొలగించిన సుమారు 3000 రొమ్ములను ఆ కిరణములతో పరిశీలించెను. 1930లో అమెరికా వైద్యుడు స్టాఫర్డ్ వారెన్ జీవించియున్న స్త్రీలను పరీక్షించిన ఫలితములను ప్రకటించెను. 1952లో వైల్డ్, రీడ్ అనువారు ధ్వనితరంగములతో రొమ్ము కణితులను చూపిరి. 1960లో హ్యూస్టను వైద్యుడు రాబర్ట్ ఈగన్ మామోగ్రఫీకి నిలకడయైన పద్ధతి నేర్పరచెను.

చిత్రము వచ్చినది, కొలతకు అర్థ మెట్లు వచ్చినది? ఫ్రాన్సు దేశీయుడు పియేర్ డెనోయి 1943-1952 నడుమ కాన్సరు దశలను గుర్తించు విధానమును రూపొందించెను. నేటి వాడుకలో రొమ్ము కణితి 2 సెంటీమీటర్ల వరకు ఒక తరగతి, 5 వరకు రెండవది, అంతకు మించినది మూడవది. చంకలోని గ్రంథులకు పాకినదా, దూరపు అవయవములకు చేరినదా యనునవియు లెక్కకు వచ్చును.

కొందరికి శస్త్రచికిత్సకు ముందే మందులిచ్చి కణితిని తగ్గింతురు. బాగుగా తగ్గినచో కొందరికి రొమ్మును నిలుపుకొనుటయు సాధ్యమగును. 2000లో ప్రకటితమైన నియమముల ప్రకారము కణితి పొడవు కనీసము నూటికి 30 వంతులు తగ్గిననే మందు పాక్షికముగా పనిచేసినట్లు. అనగా 4 సెంటీమీటర్లది 2.8కి దిగవలెను. ఈ వ్యత్యాసము వ్రేలికి తెలియునా?

హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరిటి కాన్సరు వైద్యసంస్థ 1955లో వెలసెను. 2019లో సూర్యాపేటకే ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చెను. ఒకచోట పరీక్ష, వేరొకచోట చికిత్స జరుగుట నేడు సామాన్యము. కోదాడనుండి నగరమునకు బయలుదేరిన తల్లి మొదటి ఫిల్మును, రిపోర్టును ఇంట మరచినచో, తగ్గినది ఎంతయో చెప్పుట వైద్యునికి కష్టము. పరీక్షా సాధనము మారినను చిక్కే; అల్ట్రాసౌండు ఒక్కొక్కప్పుడు తక్కువగను, ఎం.ఆర్.ఐ. ఎక్కువగను చూపును. కావున వీలైనంతవరకు మొదటి సాధనముతోనే మరల కొలిపించుట మేలు.

పొలము పట్టా కాగితమును పెట్టె అడుగున భద్రపరచు ఇండ్లు మనవి. ఆ పెట్టెలోనే ఈ ఫిల్మునకును చోటీయవలెనని మా విన్నపము. గడ్డ కందిగింజంతయే కావచ్చును. కాని దానిని కొలువవలసినది మన భయమును కాదు, మన ధైర్యమును కాదు.