మూత్రకృచ్ఛ్రం నుండి మూత్రాశయ వేదన వరకు: ఇందల్వాయి పరిసర వైద్యచరిత్ర వెలుగులో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

నిజామాబాద్ జిల్లాలో హైదరాబాద్–నాగపూర్ జాతీయ రహదారిపై ఉన్న ఇందల్వాయి 2016 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైంది. దానికి ఉత్తరాన ఉన్న డిచ్‌పల్లి ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుండి కుష్ఠురోగ చికిత్సకు ప్రసిద్ధి. ఈ ప్రాంత వైద్యచరిత్ర అనగానే ఆ ఆసుపత్రే గుర్తుకు వస్తుంది. దీర్ఘకాలిక మూత్రాశయ వేదనకు అటువంటి గుర్తు ఏదీ లేదు. ఎక్కువగా స్త్రీలను పీడించే ఆ బాధను నలుగురిలో చెప్పుకోవడానికి సంకోచం అడ్డువస్తుంది. చెప్పినా చూపడానికి గాయం ఉండదు. కుష్ఠులో గాయం ఉంటుంది, నొప్పి ఉండదు. మూత్రాశయ వేదనలో నొప్పి ఉంటుంది, గాయం తరచుగా కనిపించదు. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి, కంటికి కనిపించని నొప్పిని వైద్యం ఏయే కాలాల్లో ఎలా గుర్తించిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

సంప్రదాయ వైద్యంలో వేదనకు పేరు

చరక సంహిత హృదయం, శిరస్సు, వస్తి అనే మూడింటిని ప్రధాన మర్మాలుగా పేర్కొన్నది. వస్తి అంటే మూత్రాశయం. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మాలలోనూ వస్తిది సద్యఃప్రాణహర స్థానం. మూత్రవిసర్జనలోని బాధను ఈ గ్రంథాలు మూత్రకృచ్ఛ్రం అన్నాయి. 'కృచ్ఛ్రం' అంటే కష్టం. అంటే రోగి అనుభవించే బాధే వ్యాధికి పేరైంది. చరకుడు చెప్పిన ఎనిమిది భేదాలలో అశ్మరి, శర్కర అనే రెండింటికే రాయి కారణం. తక్కినవి రాయి లేకుండా కలిగేవి. వాతజ భేదంలో నొప్పి వస్తికి పరిమితం కాక గజ్జలకూ జననాంగానికీ వ్యాపిస్తుందని వర్ణన ఉంది.

ఈ శాస్త్రం తెలుగు వైద్యులకు చేరిన దారులలో బసవరాజీయం ముఖ్యమైనది. ఇరవై ఐదు ప్రకరణాల ఈ గ్రంథం సంస్కృత శ్లోకాలకు తెలుగు వివరణను జోడించి, వైద్యుల ఇళ్లలో నిత్యోపయోగ గ్రంథంగా నిలిచింది. జనవ్యవహారంలో ఈ బాధను 'వేడి చేసింది' అన్నారు. పల్లేరు కాయల కషాయం, బార్లీ నీళ్లు, కొండపిండి ఆకు గృహవైద్యంలో చోటు పొందాయి. రాయిని పిండి చేస్తుందన్న నమ్మకం కొండపిండి పేరులోనే ఉంది.

అయితే ఈ సంప్రదాయానికి పరిమితులున్నాయి. సూక్ష్మజీవుల వల్ల కలిగే మంటను, మూత్రాశయ క్షయను, ఏ కారణమూ దొరకని వేదనను వేరుచేసే సాధనం దాని వద్ద లేదు. అన్నిటినీ 'వేడి'గా భావించడం వల్ల చికిత్స ఆలస్యమయ్యే ప్రమాదమూ ఉంది. అయినా ఒక మేలు మాత్రం ఉంది: బాధ నిజమని నిరూపించుకోవలసిన భారం రోగిపై లేదు.

రాయి లేని చోట పుండు కోసం వెదుకులాట

పాశ్చాత్య వైద్యంలోనూ ప్రశ్న రాయితోనే మొదలైంది. రాయి లక్షణాలన్నీ ఉండి రాయి లేని రోగులను 1808లో అమెరికా శస్త్రవైద్యుడు ఫిలిప్ సింగ్ ఫిజిక్ గుర్తించాడు. 1887లో అలెగ్జాండర్ స్కీన్ ఈ స్థితికి 'ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్' అని పేరు పెట్టాడు. 1915లో గై హన్నర్ స్త్రీల మూత్రాశయ గోడపై ఒక ప్రత్యేకమైన పుండును వర్ణించగా, అది ఆయన పేరుతో ప్రసిద్ధమైంది. దానితో వేదనకు కంటికి కనిపించే ఆధారం దొరికింది.

సమస్య కూడా అక్కడే మొదలైంది. ఆ పుండు కొద్దిమంది రోగులలోనే కనిపిస్తుంది. అది లేనివారి బాధను మనోవ్యాకులతకు అంటగట్టే ధోరణి బలపడింది. ఆ అనుభవాన్ని స్వయంగా ఎదుర్కొన్న వికీ రాట్నర్ వైద్యవిద్యార్థినిగా ఉండగానే 1984లో అమెరికాలో రోగుల సంఘాన్ని స్థాపించింది. 1988లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధన కోసం రోగనిర్ధారణ నియమాలను ప్రచురించింది. వైద్యులు వాటిని చికిత్సాలయాల్లోనూ అన్వయించసాగారు. అనుభవజ్ఞులు ఈ వ్యాధిగా నిర్ధారించినవారిలో 60 శాతానికి పైగా ఆ నియమాల పరిధిలోకి రారని 1999లో ఫిలిప్ హానో బృందం చూపింది. పరిశోధన కోసం గీసిన గీత ఎందరో రోగులను వ్యాధి వెలుపల నిలబెట్టింది.

డిచ్‌పల్లి నేర్పిన పాఠం

1907లో నిజామాబాద్ వచ్చిన స్కాట్లండ్ వైద్యురాలు ఇసబెల్ కెర్ కృషితో, రాజా నర్సాగౌడ్ విరాళంతో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల చికిత్సాలయం ఏర్పడింది. 1915లో విక్టోరియా ఆసుపత్రి ప్రారంభమైంది. 1932లో కెర్ మరణించిన తరువాతా ఆ సేవ కొనసాగింది. కుష్ఠు క్రిమి నరాలను దెబ్బతీసి స్పర్శను హరిస్తుంది. నిప్పు తగిలినా, ముల్లు దిగినా తెలియక రోగి చేతులు, కాళ్లు పుండ్లు పడతాయి. వేళ్లు పోవడానికి ఈ స్పర్శలోపమే ప్రధాన కారణమని వెల్లూరులో పాల్ బ్రాండ్ చేసిన కృషి స్పష్టం చేసింది.

నరం పనిచేయనప్పుడు ఎంత పెద్ద గాయమైనా నొప్పి కలిగించదని ఇందువల్ల తెలుస్తుంది. కాబట్టి నొప్పి గాయానికి కొలత కాదు. ఇదే సూత్రాన్ని తిరగవేసి చూస్తే, నరం అతిగా స్పందించినప్పుడు గాయం లేకున్నా నొప్పి కలగవచ్చు. మూత్రాశయ వేదనను అర్థం చేసుకోవడానికి కీలకం ఇదే.

దేహంలో వ్యాపించే వేదన

లోపలి అవయవాల బాధ చర్మంపై నిర్దిష్ట ప్రాంతాలలో వ్యక్తమవుతుందని 1893లో హెన్రీ హెడ్ చూపాడు. మూత్రాశయ నరాలు వెన్నుపాములో చేరే స్థానాలకే పేగులు, గర్భాశయం, పొత్తికడుపు, తొడల నుండి వచ్చే నరాలూ చేరతాయి. 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతం వెన్నుపాము నొప్పి సంకేతాలను నియంత్రిస్తుందని వివరించింది. తీవ్రమైన సంకేతాల తరువాత వెన్నుపాములోని కణాలే అతిసున్నితంగా మారతాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ నిరూపించాడు. అప్పుడు మామూలుగా మూత్రం నిండడమే బాధగా తోస్తుంది. పొరుగు అవయవాల స్పందనా నొప్పిగా మారుతుంది.

పేగుల అసౌకర్యం, కండరాల నొప్పులు, పార్శ్వపు తలనొప్పి, విడవని అలసట ఈ రోగులలో ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక వివరణ. 2008లో అమెరికాలో మొదలైన బహుకేంద్ర అధ్యయనం మూత్రాశయాన్ని మాత్రమే గాక దేహమంతటి నొప్పినీ లెక్కలోకి తీసుకున్నది. అయితే వస్తిని మర్మమన్న ప్రాచీన భావన ఈ నాడీశాస్త్ర నిర్ణయమేనని చెప్పడం చారిత్రక దృష్టికి సరిపడదు. రెండింటి పునాదులు వేరు. వేదన ఒక్క అవయవంలోనే ఆగదన్న పరిశీలనలో మాత్రమే అవి కలుస్తాయి.

ముగింపు

మూత్రకృచ్ఛ్రమన్న పేరు బాధను నమ్మింది, కారణాలను వేరుచేయలేకపోయింది. ఆసుపత్రి వైద్యం కారణాలను వేరుచేసింది, కారణం దొరకని చోట బాధనే శంకించింది. 2020లో అంతర్జాతీయ వేదన అధ్యయన సంఘం సవరించిన నిర్వచనం, నొప్పి ఉందని చెప్పే వ్యక్తి మాటను గౌరవించాలని స్పష్టంగా పేర్కొన్నది. రాయి, క్రిమి, క్షయ, కంతి లేవని పరీక్షలతో తేల్చుకోవడం ఎంత అవసరమో, అవి లేనంత మాత్రాన నొప్పి లేదనకపోవడమూ అంతే అవసరం. నొప్పి తెలియని చేతులను దశాబ్దాలుగా చూసిన డిచ్‌పల్లి పొరుగున, గాయం చూపలేని నొప్పిని నమ్మడానికి వేరే రుజువు అక్కరలేదు.