రెండు కొండ రైళ్ళు

ఊటీ రైలును మనం వినోదయాత్రగానే ఎరుగుదుం. అది ఎవరి కోసం కొండెక్కిందన్న ప్రశ్న మన పాఠ్యపుస్తకాల్లో రాదు. వన్ టౌన్‌లో తెలుగు పాఠాలు చెప్పే నాకు ఈ ప్రశ్న బెజవాడకూ సంబంధించిందే అనిపిస్తుంది. ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో, కొద్ది సంవత్సరాల తేడాతో, రెండు మీటర్ గేజి దారులు కొండలెక్కాయి. ఒకటి నీలగిరి ఎక్కింది. రెండోది నల్లమల దాటి మన ఊరు చేరింది.

మొదటిదాని పని 1891లో మొదలైంది. 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి రైలు వచ్చింది. మొత్తం 46 కిలోమీటర్లు. 326 మీటర్ల ఎత్తు నుంచి 2,203 మీటర్లకు ఎక్కాలి. కల్లారు, కూనూరుల నడుమ సుమారు పన్నెండు అడుగులకు ఒక అడుగు చొప్పున దారి లేస్తుంది. అంత ఏటవాలున మామూలు చక్రం జారిపోతుంది. అందుకని స్విట్జర్లాండ్ ఇంజనీరు అబ్ట్ పద్ధతిలో, పట్టాల నడుమ పళ్ళున్న రెండు ఇనుప కమ్ములు బిగించారు. ఒకదాని పన్ను పక్కన రెండోదాని సందు వస్తుంది. ఇంజను కింది పళ్ళచక్రం వాటిని పట్టుకుని ఎక్కుతుంది. ఏ క్షణంలోనూ పట్టు వదలదు.

యంత్రకౌశలం గొప్పదే. కాని ప్రయోజనం? ఊటీ మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని. ఎండలకు తాళలేని దొరలు, వారి కచేరీలు కొండెక్కాలి. మొదట పూనుకున్న కంపెనీ 1894లో మూతపడింది. చివరకు 1903లో ప్రభుత్వమే ఆ దారిని కొన్నది. ఆ ప్రెసిడెన్సీ ఖజానాకు శిస్తు కట్టినవారిలో కృష్ణా డెల్టా రైతూ ఉన్నాడు.

రెండో దారి పుట్టుక వేరు. 1876–78 కరువు రాయలసీమలో లక్షలాది ప్రాణాలు తీసింది. కరువు ప్రాంతాలకు రైళ్ళు వేయాలని 1880లో కరువు కమిషన్ చెప్పింది. బళ్ళారి–కృష్ణా రైలుమార్గం అలా వచ్చిన కరువు రక్షణ లైను. నంద్యాల, గిద్దలూరుల నడుమ నల్లమలలో బొగడ సొరంగం తొలిచారు; లోయ మీద దొరబావి వంతెన నిలిపారు. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది. తిండిగింజలు మోయడానికి వేసిన దారిలో కూడా వలస వ్యాపారానికి వాటా ఉంది. రైలు గింజలను తేగలదు, తీసుకుపోనూగలదు. అయినా ఆకలిచావులు ఆ దారిని తప్పనిసరి చేశాయన్నది చారిత్రక సత్యం.

2005లో యునెస్కో నీలగిరి రైలును ప్రపంచ వారసత్వంలో చేర్చింది. అది ఉచితమే. నల్లమలలో మాత్రం బ్రాడ్ గేజి వచ్చాక దొరబావి వంతెన ఇనుమును విప్పేశారు. దొరల విహారానికి వేసిన దారి వారసత్వమైతే, కరువు వేసిన దారి పాత ఇనుమెలా అవుతుంది? ఊటీ రైలు పాఠం పక్కన మన పిల్లలకు దొరబావి పాఠం కూడా ఉండాలి. దాన్ని రాయవలసిన బాధ్యత మన రచయితలది, ఉపాధ్యాయులది.